ఉల్లిపాయల సంచీ మీద గీసిన బొమ్మ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు ఇంగ్లండులోని రెడింగ్ నుంచి మెయిల్లో పంపిన రాతప్రతిని మా వీధి చివరి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాను. ఫోనులో చదివే కళ్ళు కావు నావి. మొత్తం నలభై ఆరు పేజీలు. అవి మిషన్లోంచి వస్తుంటే షాపు కుర్రాడు పైపేజీ చూసి, "ఎవరండీ ఈ మేరీ బీల్?" అన్నాడు. "లండన్లో బొమ్మలు వేసి ఇల్లు నడిపిన ఆవిడ, మూడువందల యాభై ఏళ్ళ కిందట" అన్నాను. "అయితే ఇప్పుడు మనకెందుకండీ?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. నేను చిల్లర లెక్కపెట్టుకుంటూ జవాబు తప్పించుకున్నాను. నీ పుస్తకానికి ఆ వీలు లేదు.

రెండుసార్లు చదివాను. కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. కానీ నీ మొదటి వాక్యం చూడు: "పురుషాధిక్య సమాజపు చిమ్మచీకట్లో వెలిగిన తొలి దీపం మేరీ బీల్." ఇందులో ఆమె పేరు తీసేసి ఏ దేశపు డాక్టరమ్మ పేరు పెట్టినా, ఏ పైలట్ పేరు పెట్టినా ఇట్టే సరిపోతుంది. ఆ పేజీ మొత్తం తీసెయ్.

దాని బదులు ఏం పెట్టాలో నువ్వే రాసుకున్నావు, ముప్ఫై ఒకటో పేజీలో. అయితే అరవాక్యంతో సరిపెట్టేశావు: "సాధన కోసం రకరకాల చౌక గుడ్డల మీద చిత్రించేది." రకరకాల గుడ్డలేమిటి తల్లీ! పరుపుల గలేబు గుడ్డ, గోనెపట్టా, ఉల్లిపాయల సంచీ. నాకు ఆ మూడోది కావాలి. డబ్బిచ్చి బొమ్మ వేయించుకునే పెద్దమనుషులకి మంచి కాన్వాసు, తను చెయ్యి తిప్పుకోడానికి, కొత్త పద్ధతులు ప్రయత్నించడానికి ఉల్లిపాయల సంచీ. నలభై దాటిన మనిషి, ఊళ్ళో పేరున్న మనిషి, ఇంటినిండా పని ఉన్న మనిషి, ఇంకా సాధన చేస్తోంది. ఆ బొమ్మలకి భర్త తన పద్దుపుస్తకంలో పెట్టుకున్న మాట కూడా అదే, "అభ్యాసానికి, మెరుగుకి" అని. పుస్తకం అక్కడ మొదలుపెట్టు. ఆ సంచీ చూస్తే మా జిరాక్స్ కుర్రాడు కూడా రెండో పేజీ తిప్పుతాడు.

ఇక ఆ "తొలి" సంగతి. నా మొదటి పుస్తకంలో నేనూ ఒకావిడ పేరు ముందు "తొలి" అని తగిలించాను. పుస్తకం వచ్చిన మూడు నెలలకి ఎవరో పాఠకుడి కార్డు: "అమ్మా, అంతకు పదేళ్ళ ముందే ఇంకొకరున్నారు" అని వివరాలన్నీ రాశాడు. నిజమే. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మనవాళ్ళకి ఈ అనుభవం కొత్త కాదు కదా, గురజాడ "దిద్దుబాటు"నే తొలి కథ అని ఎన్నేళ్ళు చెప్పుకున్నాం, ఆ తర్వాత భండారు అచ్చమాంబ కథలు బయటికొచ్చి లెక్క మారింది. ఇంగ్లండులోనూ అంతే. మేరీ కంటే ఒక తరం ముందు జోన్ కార్లైల్ ఉంది. ఆవిడ 1654లో కావెంట్ గార్డెన్ పేటకి వచ్చి బొమ్మల పని పెట్టుకుంది. 1658లో విలియం శాండర్సన్ అనే ఆయన చిత్రకళ మీద పుస్తకం వేస్తూ, తైలవర్ణాలు వాడే ఆడవాళ్ళంటూ కార్లైల్ పేరూ, బీల్ పేరూ పక్కపక్కనే రాశాడు. అంతకు వందేళ్ళ వెనక్కి వెళ్తే ట్యూడర్ రాజుల కొలువులో ఫ్లాండర్స్ నుంచి వచ్చిన లెవీనా టీర్లింక్ ఉంది, చిన్న చిన్న సూక్ష్మచిత్రాలు వేసేది. ఆమెకి ఆ కొలువులోనే పనిచేసిన పేరున్న చిత్రకారుడు హోల్బైన్ కంటే ఎక్కువ జీతం కట్టారు. కాబట్టి "తొలి" వద్దు. బొమ్మలు గీసి ఇంటిల్లిపాదినీ ఏళ్ళ తరబడి పోషించిందనీ, దానికి రాతలో ఆధారం ఉందనీ చెప్పు. ఇదైతే ఎవరూ కార్డు రాయరు.

బాల్యం నువ్వు పదకొండు పేజీలు రాశావు. రెండు చాలు. 1633లో సఫోక్ జిల్లాలో బారో అనే పల్లెటూరిలో పుట్టింది. తండ్రి జాన్ క్రాడక్ ఆ ఊరి చర్చి గురువు. నువ్వు "మతాధికారి" అని రాశావు, అదేదో రెవెన్యూ ఉద్యోగంలా ఉంది. కోస్తాలో చర్చికి వెళ్ళే ఇళ్ళల్లో పాస్టరుగారిని "అయ్యగారు" అంటారు, ఆ మాటలో ఇల్లు, బడి, పెళ్ళి, చావు అన్నీ కలిసొస్తాయి. ఆ అయ్యగారికి బొమ్మలంటే ఇష్టం, లండన్ చిత్రకారుల సంఘంలో సభ్యత్వం కూడా ఉంది. మేరీకి పదేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు, ఆ పురిటి తరవాత తల్లి పోయింది. 1652 మార్చిలో ఛార్లెస్ బీల్‌తో పెళ్ళి, పెళ్ళయిన కొద్దిరోజులకే తండ్రి పోయాడు. అంతే రాయి. "చిన్నారి మేరీ తండ్రి ఒళ్ళో కూర్చుని కుంచె పట్టింది" అని నువ్వు రాసిన సీను ఎక్కడిది? కుంచె ఎవరు పట్టించారో చెప్పే కాగితం లేదు. తండ్రి దగ్గరే నేర్చుకుని ఉంటుందని అనుకోవచ్చు, అనుకుంటున్నామని చెప్పి అనుకోవచ్చు. ఒళ్ళో మాత్రం కూర్చోబెట్టకు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఛార్లెస్ బీల్‌తో నీకు పేచీ ఉందని ప్రతి పేజీలో తెలుస్తోంది. ఒకచోట "నిరుద్యోగి భర్త" అన్నావు, ఇంకోచోట "భార్య సంపాదన మీద బతికిన" అన్నావు. మళ్ళీ చివర్లో ఉన్నట్టుండి "ఆదర్శ దంపతులు" అని దండ వేశావు. రెండూ వద్దు.

ఆయన పేటెంట్ల ఆఫీసులో చిన్న ఉద్యోగి. 1660ల్లో ఫ్లీట్ స్ట్రీట్ దగ్గర హైండ్ కోర్టు అనే చోట ఉండేవాళ్ళు. ఆ ఉద్యోగం నిలవలేదు, లండన్ వదిలి పల్లెకి వెళ్ళారు. 1670 ప్రాంతంలో లండన్ తిరిగొచ్చి పాల్ మాల్ వీధిలో ఇల్లు తీసుకున్నాక, ఆమె స్టూడియో పనే ఇంటికి ఆధారం. ఈయన ఏం చేశాడు? కాన్వాసు తెప్పించాడు, దానికి పూత వేశాడు, రంగులు నూరాడు, రంగులు తయారు చేసి బయట అమ్మాడు కూడా. వచ్చిన డబ్బు, పోయిన డబ్బు, ఏ రోజు ఎవరు కూర్చున్నారు, ఏ బొమ్మకి ముఖం ఎండింది, ఏది బాకీ, అన్నీ రాసిపెట్టాడు. దేంట్లో రాశాడనుకున్నావు? విలియం లిల్లీ అనే జ్యోతిష్యుడు ఏటేటా అచ్చువేసే పంచాంగంలో, ఖాళీ పేజీల్లో! ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. మా నాన్నగారు పాల లెక్క, చాకలి పద్దు, కూలీల బత్తెం అన్నీ పంచాంగం వెనకే రాసేవారు. ఏకాదశి పక్కన ఎరువుల ఖర్చు.

అలాంటి పుస్తకాలు ఒకప్పుడు ముప్ఫై దాకా ఉండేవట. పద్దెనిమిదో శతాబ్దంలో జార్జ్ వర్ట్యూ అనే చెక్కడపు పనివాడు కొన్నిటిని చూసి అందులోంచి ఎత్తి రాసుకున్నాడు, ఆ రాతలు హొరేస్ వాల్‌పోల్ అనే రచయిత చేతికి వెళ్ళి అచ్చయ్యాయి. అసలు పుస్తకాల్లో ఇవాళ మిగిలినవి రెండే: 1677 నాటిది ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో, 1681 నాటిది లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో. మేరీ గురించి మనకి తెలిసిన దాంట్లో సగానికి సగం ఈ మగమనిషి పద్దుపుస్తకంలోంచి వచ్చిందే. ఆయన ఆమెని చాలాచోట్ల పేరుతో రాయడు. "నా ప్రాణమా" అని మనం అనేలాంటి మాట ఒకటి వాడతాడు, మాటిమాటికీ. "ఇవాళ నా ప్రాణం ఫలానా దొరగారి బొమ్మకి మూడోసారి రంగు వేసింది" అన్న ధోరణిలో ఉంటుంది. లెక్కల పుస్తకంలో ఈ మాటేమిటి అనిపిస్తుంది. అక్కడే ఆగాలి నువ్వు. ఆయన్ని పొగడక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఎవరి చెయ్యి రాస్తోందో, ఎవరి చెయ్యి గీస్తోందో పాఠకుడికి గుర్తుచేస్తూ ఉండు. ఆయనకి కనపడనిది మనకీ కనపడదు. ఆమె విసుక్కుందా, నడుం నొప్పి అందా, ఒక బొమ్మ పాడైతే ఏడ్చిందా, పద్దులో అది పడదు.

ఆమె సొంత గొంతు వినపడే చోట్లు చాలా తక్కువ. అందుకే వాటికి ఎక్కువ పేజీలివ్వాలి. నువ్వు ఉల్టా చేశావు. 1663 ఆగస్టులో ఆమె ఆప్రికాట్ పళ్ళని చిత్రించడం గురించి కొన్ని పేజీలు రాసింది. ఆప్రికాట్ అంటే హైదరాబాదు వాళ్ళకి ఖుబానీ, కాకపోతే అక్కడ చెట్టుమీది పచ్చి పండు. తైలవర్ణాలతో ఎలా పని చెయ్యాలో ఇంగ్లీషులో ఒక ఆడమనిషి రాసిన అతి పాత రచనల్లో అదొకటి. నువ్వు దాన్ని ఒక వాక్యంలో ముగించావు, అందులోనూ తప్పు పడింది. "పళ్ళ మెత్తదనం కోసం గులాబీ రంగు కలిపింది" అన్నావు. తల్లీ, ఆ రోజుల్లో చిత్రకారులు "పింక్" అన్నది పసుపు రంగుని! కాయల్లోంచి, మొక్కల్లోంచి రసం తీసి, దాన్ని సుద్దలాంటి పొడికి పట్టించి చేసే పసుపు. ఆ పసుపు కలపకముందు వేసిన పళ్ళు బిరుసుగా, బరువుగా వచ్చాయనీ, కలిపాక మెత్తబడ్డాయనీ ఆమె చెబుతోంది. ఖుబానీ పండు ఎక్కడైనా గులాబీ రంగులో ఉంటుందా? కళ్ళకి అనుమానం రావద్దూ?

ఇంకోటి, ఇరవై రెండో పేజీలో "సరస్సు రంగు" అని చూసి ముందు అర్థం కాలేదు, తర్వాత పగలబడి నవ్వాను. అది చెరువు కాదు. ఆ "లేక్" అనే మాట మన లక్క నుంచి వచ్చింది. లక్కపురుగు దగ్గర్నుంచి తీసే ఎరుపు మన దేశంలోంచి అక్కడికి పోయి, ఆ పేరు ఆ జాతి రంగులన్నిటికీ అంటుకుంది. ఛార్లెస్ ఇంట్లో చేసి, రాజుగారి ఆస్థాన చిత్రకారుడు పీటర్ లీలీ లాంటి వాళ్ళకి అమ్మిన రంగుల్లో అదొకటి. నువ్వు తెలుగులో "లక్క ఎరుపు" అని రాస్తే చాలు, మనింటి మాట మనింటికి వచ్చినట్టుంటుంది. డిక్షనరీ తప్పు కాదిది. ఏ రంగైనా దేంతో చేస్తారో తెలుసుకోకుండా దాని పేరు రాయకు, పొరపాట్లు సగం తగ్గుతాయి.

ఆల్‌బ్రూక్ రోజులు బాగా రాశావు, ఒప్పుకుంటా. ఉద్యోగం పోవడం, లండన్లో ప్లేగు, ఆ కుటుంబం హాంప్‌షైర్‌లోని ఆ పల్లెకి వెళ్ళి రైతింట్లో కాపురం పెట్టడం, ఆ పేజీల్లో నీ వాక్యాలు చిన్నవయ్యాయి, మంచిది. ఒక్కటే లోపం. అక్కడ 1666లో ఆమె స్నేహం గురించి రాసిన వ్యాసాన్ని నువ్వు "స్త్రీవాద తొలి ప్రకటన" అనేశావు. మళ్ళీ తొలి! అది చేతిరాత ప్రతి, స్నేహితురాలికి పంపుకున్నది. ఆ స్నేహితురాలు ఎలిజబెత్ టిలట్సన్. ఆమె భర్త జాన్ టిలట్సన్ ఆ తర్వాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయ్యాడు. వ్యాసంలో మేరీ అనేది ఇది: దేవుడు ఆదాముకి హవ్వని ఇచ్చింది భార్యగా, స్నేహితురాలిగానే గాని బానిసగా కాదు. చూడు, అయ్యగారి కూతురు ఆదికాండంలోంచే వాదన ఎత్తుకుంది. మన మాటలు ఆమె నోట్లో పెట్టక్కర్లేదు. ఆమె నమ్మింది బైబిలు, ఆ బైబిలు చేతిలో పెట్టుకునే భార్యాభర్తలు సమానులు అంది. 1667లో శామ్యూల్ వుడ్‌ఫర్డ్ అచ్చువేసిన కీర్తనల పుస్తకంలో ఆమె రాసిన కీర్తనలు కూడా కొన్ని ఉన్నాయి. ఆమె భక్తి నీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది, ఆ సంగతి ఎక్కడా ఎత్తలేదు. మనకి నచ్చని భాగం వదిలేస్తే మిగిలేది ఆమె కాదు, అద్దంలో మనమే.

లెక్కల గురించి. నువ్వు పౌండ్లని రూపాయల్లోకి మార్చి "ఇవాళ్టి లెక్కన ఇన్ని లక్షలు" అని వేశావు. కొట్టెయ్. మూడువందల యాభై ఏళ్ళ డబ్బుని ఇవాళ్టి రేటుతో గుణించడం ఎవరి లెక్కకీ అందదు. అక్కడి లెక్కనే అక్కడే మాట్లాడించు. తల, భుజాల దాకా బొమ్మకి 5 పౌండ్లు, మోకాళ్ళ దాకా అయితే 10. రాజుగారి ఆస్థాన చిత్రకారుడు లీలీ దీనికి ఎంతో ఎక్కువ పుచ్చుకునేవాడు. 1672లో ఆమె రాబడి రెండువందల పౌండ్ల పైచిలుకు. 1677లో 83 బొమ్మలకి ఆర్డర్లు, రాబడి 429 పౌండ్లు. ఐదేళ్ళలో రెట్టింపు. అందులో పదో వంతు తీసి దానధర్మాల ఖాతాలో వేసేవాళ్ళు. ఈ నాలుగు అంకెలు చాలు, పక్కన విశేషణం అక్కర్లేదు. 83 అంటే ఏమిటో నువ్వు కాస్త లెక్కవేసి చెప్పు: ఏడాదికి 52 ఆదివారాలు తీసేస్తే ఎన్ని రోజులు మిగిలాయి, ఒక్కో బొమ్మకి మనిషి ఎన్నిసార్లు వచ్చి కూర్చోవాలి, ఆ తైలం ఎండటానికి ఎన్నాళ్ళు, ఆ ఇంట్లో ఏ గోడకి చూసినా ఎండుతున్న ముఖాలే. కొడుకులిద్దరికీ పని: ముఖం చుట్టూ రాతితో చెక్కినట్టు కనపడే ఆ కోడిగుడ్డు చట్రాలు వాళ్ళే వేసేవాళ్ళు. పెద్దవాడు బార్తలోమ్యూ తర్వాత డాక్టరై కావెంట్రీ వెళ్ళిపోయాడు. చిన్నవాడు ఛార్లెస్ చిత్రకారుడయ్యాడు, ఎర్ర సుద్దతో అతను గీసిన ఇంటి మనుషుల బొమ్మలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, వీలుంటే చూడు, ఎంత బాగుంటాయో. (అన్నట్టు బార్తలోమ్యూ అన్న పేరు ఇద్దరిది. మొదట పుట్టిన బిడ్డ పసితనంలోనే పోతే, తర్వాతవాడికి అదే పేరు పెట్టారు. నీ ప్రతిలో ఇద్దరూ కలిసిపోయి, పోయిన బిడ్డ పెరిగి డాక్టరైపోయాడు.)

ఇప్పుడు నీకు నచ్చని మాట ఒకటి. నువ్వు ఆమెని ప్రతిచోటా "మహోన్నత చిత్రకారిణి" అంటున్నావు. నేను చూసినవి ఫొటోలే గాని, చాలా చూశాను. ఆ పెద్దమనుషుల బొమ్మల్లో చాలామటుకు ఒకే అచ్చు: అదే చట్రం, అదే మడతల పట్టుగుడ్డ, అదే లీలీ పద్ధతి. ఆమె లీలీ బొమ్మలకి నకళ్ళు వేసేది, అదీ ఒక గిరాకీయే. లీలీ వాళ్ళింటికి వచ్చేవాడు, తన దగ్గరున్న బొమ్మలు నకలు వేసుకోమని ఇచ్చేవాడు, ఆమె పని చూసి మెచ్చుకునేవాడు. 1672లో భర్త ఛార్లెస్, లీలీ చేత టిలట్సన్ బొమ్మ వేయించుకుంటూ, టిలట్సన్ ఎన్నోసారి కూర్చున్నాడో, ఎన్ని గంటలు కూర్చున్నాడో రాసిపెట్టుకున్నాడు. బొమ్మ మీద ఎంత ఆసక్తో, ఆ చెయ్యి ఎలా పని చేస్తుందన్న దాని మీదా అంతే. వాడకట్టులో మంచి వంటమనిషి వస్తే కిటికీలోంచి తాలింపు చూసినట్టు.

కానీ ఆమె ఇంటివాళ్ళ బొమ్మలు, ఆర్డరు లేకుండా వేసినవి, అవి వేరు. టేట్ గ్యాలరీలో చిన్న బార్తలోమ్యూ తలలు రెండున్నాయి, 1660 నాటివి, కాగితం మీద నూనె రంగులు. నాలుగైదేళ్ళ పిల్లవాడు. కాసేపు కూడా కుదురుగా కూర్చోడు కాబట్టి గబగబా వేసినట్టుంటాయి, ఆ తొందరలోనే ప్రాణం ఉంది. ఆ తేడా పాఠకుడికి చూపించు. ఇది బతుకుతెరువు, ఇది ఇష్టం అని గీత గీసి చెప్పకు, పక్కపక్కన పెట్టి ఊరుకో. మేరీ గొప్పదా కాదా అని తీర్పు చెప్పాల్సిన పని మనకి లేదు, కానీ ఏది బాగుంది, ఏది బాగోలేదు అన్న సంగతి దాచితే ఆమె పనిని చూడనట్టే.

సర్ రాబర్ట్ అంటూ నువ్వు ఆ కాలపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ బొమ్మ గురించి పూర్తి పేజీ రాశావు. ముందుగా, ఆయనకి సర్ లేదు. రెండు, "గణితవేత్త" అని పేరున్న ఆ బొమ్మలో ఉన్నది హుక్ అని ఒక శాస్త్రజ్ఞుడు వాదించాడు, కాదని ఇంకొకరు కాగితాలతో సహా ఎదురు చెప్పారు. ఇంకా తేలలేదు. నీకు పుస్తకానికి అందంగా ఉంటుందనిపించి తేల్చేశావు. ఒక్క వాక్యానికి కుదించు, లేదా వదిలెయ్.

లీలీ 1680లో పోయాడు. ఆయన పద్ధతికి ఉన్న మోజు మెల్లిగా తగ్గింది, దాంతోపాటు ఈ ఇంటి గిరాకీ కూడా. నీ ప్రతిలో ఇక్కడ్నుంచి ఎనిమిది పంక్తుల్లో ఆమెని చంపేశావు. పందొమ్మిదేళ్ళు బతికింది తల్లీ ఆ తర్వాత! ఆర్డర్లు తగ్గినా పని ఆపలేదు. ఇంట్లో ఆడపిల్లలు పని నేర్చుకున్నారు. కీటీ ట్రియోష్ అనే అమ్మాయి పేరుంది, సారా కర్టిస్ పేరుంది. సారా తర్వాత తనూ పోర్ట్రెయిట్లు వేసింది, పాదిరీ బెంజమిన్ హోడ్లీని పెళ్ళి చేసుకుంది, అతను ఆ తర్వాత బిషప్పయ్యాడు. గురువు పేరు పుస్తకాల్లో మసకబారుతున్నా పని ఇంకో చేతికి వెళ్ళిందన్న సంగతి నీ పుస్తకంలో ఎక్కడా లేదు. అది పెట్టు. 1699 అక్టోబరు 8న పికడిలీలోని సెయింట్ జేమ్స్ చర్చిలో ఆమెని పూడ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ చర్చి మీద బాంబులు పడ్డాయి, సమాధి మిగల్లేదు. నువ్వు దీని మీద ఒక పేరా కన్నీళ్ళు పెట్టావు. వాక్యం ఒకటే ఉంచు.

ఆ తర్వాత 1975లో లండన్లో ఆమె బొమ్మలు పోగుచేసి ప్రదర్శన పెట్టారు, 2024లో టేట్ బ్రిటన్ వాళ్ళు బ్రిటన్లో ఆడవాళ్ళ చిత్రకళ మీద పెట్టిన పెద్ద ప్రదర్శనలో ఆమెకి చోటిచ్చారు. నువ్వు ఆ దేశంలోనే ఉండి రెండోది చూడలేదంటే నాకు కోపంగా ఉంది. పార్ట్‌టైమ్ పని, రూముకి నలుగురు, చదువు, అన్నీ రాశావు, అర్థమైంది. అయినా కోపంగానే ఉంది.

"టైము లేదు, కూర్చోడానికి చోటు లేదు" అన్నావు కదా ఉత్తరం చివర. పాల్ మాల్ ఇంట్లోనూ స్టూడియోకి వేరే భవనం లేదు. పిల్లలు, నూరిన రంగుల వాసన, వచ్చేపోయే బిషప్పులు, బాకీ వసూళ్ళు, అన్నీ ఆ కప్పు కిందే. పోలిక తెచ్చి నిన్ను సిగ్గుపరచాలని కాదు, ఆమెకి రంగులు నూరిపెట్టే మనిషి ఉన్నాడు, నీకు లేడు. నీకు నేనున్నాను, పేజీలు దిద్దడానికి. తిట్టడానికి కూడా.

చేయాల్సిన పని చెబుతాను. నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి టికెట్టు లేదు. రెడింగ్ నుంచి రైలు ఛార్జీ ఎక్కువంటావేమో, ఒక నెల బయట కాఫీ మానెయ్. అక్కడ ఆమె తన బొమ్మ తనే వేసుకున్నది ఉంది, 1666 ప్రాంతంది, అంటే ఆల్‌బ్రూక్ రోజులు, ఉద్యోగం లేని రోజులు. మనవైపే సూటిగా చూస్తూ, ఒక చేతిలో చట్రం లేని కాన్వాసు పట్టుకుని ఉంటుంది. దాని మీద ఇద్దరు కొడుకుల తలలు, ఇంకా పూర్తికానివి. వెనక గోడకి పాలెట్, అంటే రంగులు కలుపుకునే పలక, వేలాడుతోంది. పనిరోజున వెళ్ళు, రద్దీ ఉండదు. దాని ముందు గంటసేపు నిలబడు. ఫోను బ్యాగులో పెట్టు. ఏం అనిపించిందో రాయకు, ఏం ఉందో రాయి: చెయ్యి కాన్వాసుని ఎక్కడ పట్టుకుంది, గౌను రంగు నిజంగా ఏమిటి, పిల్లల ముఖాల్లో ఏది ఎంతవరకు పూర్తయింది.

ఆ గోడమీది పాలెట్ మీద రంగులున్నాయో, తుడిచేసి ఉందో కూడా చూసి రాయి. ఉంటే ఏ వరసలో ఉన్నాయో. పసుపు ఉందా అని ముఖ్యంగా. నేను ఫొటోలు పెద్దవి చేసి చూశాను గాని మసగ్గా ఉంది, కళ్ళజోడు మార్చాల్సిన వేళయింది.

నీ పేజీలు ఎర్రపెన్ను గుర్తులతో స్పీడ్ పోస్టులో మీ అమ్మగారికి పంపుతున్నాను. వచ్చే నెల మీ తమ్ముడు వస్తాడట కదా, అతని చేతికిచ్చి పంపమన్నాను.

ఉంటాను.